మీదికెల్లి వచ్చిన గద్ద

నా చిన్నప్పుడు మదీనాగూడలో గడియారం ఉన్న ఇళ్ళకన్నా కోళ్ళున్న ఇళ్ళే ఎక్కువ. ఇప్పుడు నేనుంటున్న అపార్ట్‌మెంటుకు కూతవేటు దూరంలోనే మా పాత ఇల్లు ఉండేదని చెప్తే లిఫ్టులో కలిసే పిల్లలు నమ్మరు. నమ్మకపోతే పోనీ. అప్పుడు బొంబాయి రోడ్డు మీద ఎప్పుడో ఒక లారీ పోతే ఆ చప్పుడు ఊరంతా వినపడేది. రోడ్డుకు అవతల రాళ్ళగుట్టలు, సీతాఫలం పొదలు. ఇవతల మా పెంకుటిల్లు, దాని వెనక మట్టిగోడ కట్టిన పెరడు. ఆ పెరట్లో మా బాపమ్మ చెప్పిందే చట్టం.

బాపమ్మ అంటే మా నాన్నను కన్నతల్లి. నాకు బుద్ధి తెలిసేటప్పటికే ఆమె కండ్లు మసకబారాయి. ఎదురుగా మనిషి నిలబడితే ఉన్నారని తెలిసేది తప్ప, ఎవరన్నది గొంతు విని పోల్చుకునేది. అయినా ఇరవై కోళ్ళను, వాటి పిల్లలను ఒంటిచేత్తో సాకింది. అదంతా చెవుల మీదే నడిచేది. గోడకు ఆనుకొని కూర్చుని, చేతి తడుముడుతో చింతపండు గింజ తీస్తూ తీస్తూ ఉన్నట్టుండి, "పిల్లి వచ్చినట్టుంది, జర చూడు బిడ్డా" అనేది. పోయి చూస్తే గోడ మీద పిల్లి ఉండేది. నాకది వింతగా అనిపించేది కాదు. అందరి బాపమ్మలకూ కోళ్ళ మాట తెలుసనే అనుకునేదాన్ని. పక్కన కూర్చొని కూర్చొని నాకూ కొంత వచ్చేసింది. ఎవరూ నేర్పలేదు, నేను నేర్చుకున్నట్టూ గుర్తు లేదు.

నేను నాలుగో తరగతిలో ఉండగా మా బడికి కొత్త సారు వచ్చాడు. కృష్ణా జిల్లా వైపు మనిషి. తెల్లటి లాల్చీ, నూనె పెట్టి దువ్విన జుట్టు, ప్రతి మాట చివరా 'అండి'. ఊళ్ళో వేరే చోటు దొరక్క మా ముందు గదిలోనే కిరాయికి దిగాడు. చెడ్డవాడు కాదు. పాఠం చెప్తుంటే మధ్యాహ్నం గంట కొట్టినా మేము లేచేవాళ్ళం కాదు, అంత బాగా చెప్పేవాడు. కానీ మా మాట ఆయనకు కొత్త, ఆయన మాట మాకు కొత్త. ఆ రెంటి మధ్యా నేను ఇరుక్కున్నాను.

ఒకరోజు బర్రెకు కుడితి పెట్టి బయల్దేరేసరికి ఆలస్యమైంది. బడికి పోయేసరికి ప్రార్థన అయిపోయింది. "ఎక్కడి నుంచి వస్తున్నావమ్మా ఇప్పుడు?" అన్నాడు సారు. "ఇంటికెల్లి వస్తున్న సార్" అన్నాను. మా దిక్కు 'కెల్లి' అంటే 'నుంచి'. ఇంటికెల్లి అంటే ఇంటి నుంచి. సారుకు ఆ ముక్క తెలియదు. ఆయనకు వినపడింది 'ఇంటికి వెళ్ళి వస్తున్నాను' అని. అంటే పొద్దున్నే ఒకసారి బడికి వచ్చి, మళ్ళీ ఇంటికి పోయి, ఇప్పుడు వస్తున్నానని చెప్పినట్టు. "మొదటి గంటకు నువ్వు లేవు కదా?" అన్నాడు. లేనన్నాను. "మరి ఇంటికి ఎప్పుడు వెళ్ళావు?" అన్నాడు. నాకేం అర్థం కాలేదు. భయంతో మళ్ళీ అదే మాట అన్నాను, ఇంటికెల్లి వస్తున్న సార్ అని. ఆయన నన్ను తలుపు దగ్గర నిలబెట్టాడు, ఆలస్యం అయినందుకు కాదు, అబద్ధం చెప్పినందుకు.

అంతటితో ఆగినా బాగుండేది. "ముందు మాట్లాడటం నేర్చుకో అమ్మాయ్, ఇది భాష కాదు, కోళ్ళ అరుపు" అని నవ్వాడు. తరగతంతా నవ్వింది. ఆ నవ్విన వాళ్ళందరూ ఇంట్లో 'కెల్లి' అనేవాళ్ళే, అది నాకు ఇప్పటికీ గుర్తు. సారు నవ్వితే పిల్లలు నవ్వుతారు, అంతే.

మొన్నామధ్య మా మనవరాలి ఫోన్ కూడా నాతో ఇదే పని చేసింది. ఆ పిల్ల హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తుంది. మాట్లాడితే తానే రాసుకునే ఫోన్ ఒకటి తెచ్చి, ఏదైనా చెప్పు అమ్మమ్మా అంది. నేను 'మార్కెట్‌కెల్లి కూరగాయలు తెచ్చిన' అన్నాను. అది 'మార్కెట్‌కి వెళ్ళి' అని రాసుకుంది. నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. దానికి మా సారే చదువు చెప్పి ఉంటాడన్నాను. మనవరాలికి ఆ సంగతేమిటో తెలియదు. అప్పుడు చెప్పిన కథే ఇది.

ఆ రోజు నుంచి నేను బడిలో నోరు తెరవలేదు. ఎక్కం అడిగినా లేచి నిలబడి నేల చూసేదాన్ని. వారం గడిచేసరికి బడికే పోనన్నాను. మా నాన్నకు అదేమంత బాధ కాలేదు. ఆడపిల్లకు నాలుగు అక్షరాలు వచ్చాయి కదా, ఇగ బర్రెల వెంట పోతుందిలే అన్నాడు. అప్పట్లో మా ఊళ్ళో ఆడపిల్లల చదువు అట్లనే ఆగిపోయేది, ఎవరూ ఆపకుండానే. నాకు మాత్రం చదువంటే పిచ్చి. పోను అని నా నోటితో అన్నది నేనే, గొంగట్లో ముఖం పెట్టుకొని ఏడ్చిందీ నేనే.

బాపమ్మ నన్ను ఏమీ అడగలేదు. బడిలో జరిగింది నా తోటి పిల్లల నోట విన్నదట. ఐతారం, బడి లేని రోజు, పొద్దున్నే పెరట్లో నులకమంచం వేసింది. ముందు గదిలో పేపరు చదువుకుంటున్న సారును పిలిచింది. "సారూ, జర ఇటు రాండ్రి, కూసోండ్రి. కోళ్ళకు మాట లేదంట గద, మా పిల్లకు చెప్పిండ్రంట" అంది. ఆయన కొంచెం తడబడ్డాడు. "సరదాగా అన్నానండి మామ్మగారూ. అయినా మాట వేరు, అరుపు వేరు కదండీ" అన్నాడు. బాపమ్మ ఒప్పుకోలేదు, కాదనలేదు. "చూస్తే పోలే" అంది.

ఆమె పెట్టిన పందెం ఇది. సారు మంచం మీద పెరటి వైపు తిరిగి కూర్చోవాలి. తానే విని చెప్పేది గాని ఈరోజు గొంతు బాగా లేదు, అందుకని తన బదులు నేను గోడ వైపు ముఖం పెట్టి నిలబడాలి. వెనక ఏం జరుగుతుందో కోళ్ళు చెప్తే నేను విని సారుకు చెప్పాలి. తప్పయితే ఇక మీద కోళ్ళకు మాట ఉందని ఆమె అనదు. ఆ పొద్దున్నే ఇంట్లో అందరినీ గట్టిగా కేకలేసి లేపిన మనిషికి గొంతు ఎందుకు బాగాలేకుండా పోయిందో నాకు చాలా ఏళ్ళకు గాని వెలగలేదు. నేను సారు ముందు నోరు విప్పాలి, అది ఆమె పన్నాగం.

గోడకు ముక్కు ఆనించి నిలబడ్డాను. వెనక కోళ్ళు గొణుక్కుంటున్నాయి. ఆ గొణుగుడుకు అర్థం 'ఇక్కడే ఉన్నాం, ఏం భయం లేదు' అని. ఇంతలో టుక్ టుక్ టుక్ అని మెత్తగా, గబగబా ఒక పిలుపు. "గింజలు దొరికినయి సార్" అన్నాను. ఎనిమిది రోజుల తర్వాత ఆయనతో నేనన్న మొదటి మాట అది. బాపమ్మ గుప్పెడు జొన్నలు చల్లిందట. సారు "ఆహా" అన్నాడు. కాసేపటికి కట్ కట్ కటాక్ అని మొదలై, ఆగకుండా, ఒకదాని తర్వాత ఒకటి అందుకున్నాయి. "కింద ఏందో వచ్చింది సార్. పిల్లో కుక్కో. నడుచుకుంట వస్తుంది" అన్నాను. గోడ దిగిన పిల్లిని సారు తన కళ్ళతో చూశాడు.

అయినా ఆయన చదువుకున్న మనిషి, అంత తేలిగ్గా ఒప్పుకుంటాడా. ముల్లు గుచ్చుకుంటే మనం అమ్మా అంటాం, అది భాష కాదు, బాధ. కోడి కూడా భయమేసి అరుస్తుంది, అంతే. భాష అంటే ఎదురుగా లేనిదాన్ని గురించి చెప్పగలగాలి, లేనిదాన్ని ఉందని చెప్పగలగాలి. అబద్ధమాడటం మనిషికే చేతనవుతుంది అన్నాడు. ఆ ఆఖరి మాట నాకు ఎక్కడో తగిలింది. గోడ వైపే తిరిగి ఉన్నాను కాబట్టి నా ముఖం ఎవరికీ కనపడలేదు.

బాపమ్మ నవ్వింది. మా పెరట్లో ఎర్రపుంజు ఒకటుండేది, దాని గొంతు ఆమె ఎరుగును. "దాన్ని చూడుండ్రి సారూ" అంది. అది పుల్లముక్కను ముక్కుతో పట్టుకొని, వదిలి, మళ్ళీ పట్టుకొని టుక్ టుక్ అని పిలుస్తోందని తర్వాత సారే చెప్పాడు. గింజ దొరికిందనే పిలుపు అది. రెండు కొత్త పెట్టలు పరుగున వచ్చాయట. వచ్చి చూస్తే గింజా లేదు, పురుగూ లేదు. పాత పెట్టలు మాత్రం తలెత్తి కూడా చూడలేదట. "అవి దీన్ని ఎరుగును. కొత్తయి ఇంకా ఎరగవు" అంది బాపమ్మ. లేని గింజను ఉన్నదని చెప్తుంటే అది మాట కాక మరేంది అని అడిగింది. సారు చాలాసేపు ఆ పుంజునే చూశాడట. తర్వాత పకపకా నవ్వాడు. ఆ నవ్వు బడిలో నవ్విన నవ్వు కాదు, అది నాకు వెనక నుంచి విన్నా తెలిసింది.

అప్పుడు వినపడింది ఆ కూత. మిగతా కూతల్లాగా తెంపుతెంపుగా ఉండదు. గొంతు నొక్కినట్టు సన్నగా, పొడుగ్గా ఒక్కటే కూత వేసి ఆ కోడి ఆగిపోతుంది. ఆ తర్వాత పెరడంతా చప్పుడు లేకుండా అయిపోతుంది. పిల్లి వస్తే కోళ్ళు రచ్చ చేస్తాయి. ఇది వస్తే మాత్రం నోరు మూసుకొని దాక్కుంటాయి. నేను గోడ వైపే ఉండి, "సార్, గద్ద. మీదికెల్లి వస్తుంది" అన్నాను.

మీదికెల్లి అంటే పైనుంచి. గద్ద పైనుంచి దిగుతోందని నేను చెప్పాను. సారుకు వినపడింది 'మీదికి వెళ్ళి వస్తుంది' అని. పైకి పోయి, మళ్ళీ ఎప్పుడో వస్తుందని అనుకున్నాడు. ఇంకా టైముంది కదా అని తీరిగ్గా మెడ ఎత్తి పెంకుల మీద వెతికాడు. ఆయన కాళ్ళ దగ్గర పగిలిన కుండపెంకులో నీళ్ళు తాగుతున్న కోడిపిల్ల ఒకటి ఉంది. తల్లీ, తక్కిన పిల్లలూ అప్పటికే కట్టెల మోపు కిందికి దూరాయి. ఇదొక్కటి వెనకబడింది. చెయ్యి చాపితే అందేంత దగ్గర. నేను ఇటు తిరిగేసరికి రెక్కల గాలి ముఖానికి కొట్టింది. కుండపెంకు పక్కన నీళ్ళు చిందిపోయి ఉన్నాయి, పిల్ల లేదు.

సారు లేచి నిలబడ్డాడు. చేతిలో పేపరు అట్లనే ఉంది. "వెళ్ళిపోయిందన్నావు కదమ్మా" అన్నాడు నాతో. నేను అట్లా అనలేదు సార్ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. మళ్ళీ అబద్ధం అంటాడని భయపడ్డాను, కానీ ఈసారి నేల చూడలేదు. ఆయన ముఖంలోకే చూశాను.

బాపమ్మ కోప్పడలేదు. "మీదికెల్లి అంటే మీది నుంచి సారూ. పిల్ల సక్కగనే చెప్పింది. కోడి మాట కోళ్ళకు సమజైంది. మా పిల్ల మాటనే మీకు సమజ్ కాలే" అంది. ఆమె గొంతులో ఎక్కడా ఎత్తిపొడుపు లేదు. అందుకే ఆ మాట ఎక్కువ గుచ్చుకుని ఉంటుంది.

సారు మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు. కొంచెంసేపు పెదాలు కదుపుతూ తనలో తానే ఏదో అనుకున్నాడు. "మరి ఇంటికెల్లి అంటే?" అని అడిగాడు. "ఇంటి నుంచి" అంది బాపమ్మ. ఆయన నా వైపు తిరిగాడు. "అయితే ఆ రోజు నువ్వు నిజమే చెప్పావు" అన్నాడు. "అవును సార్" అన్నాను. ఏడుపొచ్చేసింది. ఎనిమిది రోజులు ఆపుకున్నదంతా వచ్చేసింది. నన్ను బాపమ్మ దగ్గరకు తీసుకోలేదు. ఏడవనిచ్చింది.

సోమవారం నేను బడికి పోయాను. ఎవరూ పొమ్మనలేదు, నాకై నేనే పలక తీసుకొని బయల్దేరాను. సారు నల్లబల్ల మీద ఒక పక్క 'నుంచి' అని, ఒక పక్క 'కెల్లి' అని పెద్ద అక్షరాలతో రాశాడు. రెండూ ఒకటే అన్నాడు. ఈ పిల్లను తలుపు దగ్గర నిలబెట్టాను, తప్పు ఈ పిల్ల నోటిది కాదు, నా చెవిది అన్నాడు. ఆ కాలంలో ఒక సారు పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడమంటే మామూలు సంగతి కాదు. తర్వాత నన్ను ముందుకు పిలిచి, కోళ్ళ మాటలు చెప్పమన్నాడు. మీ ఇంట్లో ఎట్లా చెప్తావో అట్లనే చెప్పు అన్నాడు.

చెప్పాను. గింజ మాట, పిల్లి మాట, గద్ద మాట, పుంజు అబద్ధం అన్నీ చెప్పాను. గద్ద కూత నేను వేసి చూపిస్తే బయట బడిగోడ పక్క తిరుగుతున్న ఎవరివో కోళ్ళు పరుగెత్తి పొదల్లో దూరాయి. తరగతంతా మళ్ళీ నవ్వింది, ఈసారి నేనూ నవ్వాను. మాటల మధ్య నేను 'కెల్లి' అన్నప్పుడల్లా సారు తల ఊపాడు. అంత గర్వం నాకు తర్వాత పదో తరగతి పాసైనప్పుడు కూడా కలగలేదు. ఆ పదో తరగతి దాకా నేను చదువుకున్నది ఆ ఐతారం పుణ్యమే. మా నాన్న మళ్ళీ బర్రెల మాట ఎత్తితే సారు మా ఇంట్లోనే ఉన్నాడు కదా, ఆయనే సర్దిచెప్పేవాడు.

కోళ్ళది భాష అవునా కాదా అన్న తగువు వాళ్ళిద్దరి మధ్య తెగలేదు. సారు మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పొద్దుగూకితే మంచం మీద కూర్చొని వాదించుకునేవాళ్ళు. కోడికి నిన్న లేదు, రేపు లేదు, నిన్న వచ్చిన గద్ద గురించి ఇవాళ చెప్పుకోలేదు అనేవాడు ఆయన. అదీ నిజమే అనిపించేది నాకు. కానీ ఆ పిల్ల పోయిన సాయంత్రం దాని తల్లి కుండపెంకు చుట్టూ తిరుగుతూ గింజ దొరికినప్పటి పిలుపే పిలిచింది. అక్కడ గింజా లేదు, పిల్లా లేదు. చీకటి పడి గంప కింద మూసేదాకా పిలిచింది. అది ఎవరితో ఏం చెప్తోందో ఇప్పటికీ నాకు తెలియదు.

నేను తర్వాత నర్సునయ్యాను. ఎక్కువ కాలం సర్కారు దవాఖానలో పిల్లల వార్డులో చేశాను. మాదాపూర్, కొండాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. వాటిని కట్టడానికి వచ్చిన వాళ్ళు పాలమూరు వాళ్ళు, ఒడిశా వాళ్ళు, బీహార్ వాళ్ళు. వాళ్ళ పిల్లలకు జ్వరమొస్తే మా దగ్గరికే తెచ్చేవాళ్ళు. ఒకసారి ఒక ఒడియా తల్లి ఏడాది పిల్లను తెచ్చింది. జ్వరం, ఒకటే ఏడుపు. ఆమెకు తెలుగు రాదు, హిందీ రాదు. చెప్పిందే చెప్తోంది. పొద్దున్నుంచి నిలబడి అలసిపోయిన కుర్ర డాక్టరు, "అర్థమయ్యేలా చెప్పమనండి సిస్టర్" అని విసుక్కున్నాడు. నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె మాట నాకూ తెలియదు. పిల్ల ఏడుపు విన్నాను. ఆకలి ఏడుపు కాదు, నిద్ర ఏడుపు కాదు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టినప్పుడల్లా సన్నగా, పొడుగ్గా సాగి టక్కున ఆగుతోంది. ఎడమ చెవి చూడండి డాక్టర్ అన్నాను. చెవి లోపల చీము ఉంది. అప్పుడు గమనిస్తే ఆ తల్లి అంతసేపూ తన చెవి కొసను పట్టుకునే మాట్లాడుతోంది, మేమే చూడలేదు. ఆమె చెప్పాల్సింది సరిగ్గానే చెప్పింది.

ఆ డాక్టరు ఆ తర్వాత ఏ పిల్ల ఎక్కువ ఏడ్చినా నన్ను పిలిచేవాడు. నాకు గర్వంగా ఉండేది, ఇప్పుడు చెప్తున్నా గర్వంగానే ఉంది, దాచుకోను. ఎదుటివాళ్ళ మాట నాకు అర్థం కాకపోతే, అది ఏ ఊరి మాటైనా, అసలు మాటే కాని ఏడుపైనా, మా సారు నల్లబల్ల ముందు నిలబడి చెప్పిందే ముందు గుర్తొస్తుంది. వాళ్ళ నోటికి వంక పెట్టే ముందు నా చెవినే అనుమానిస్తాను. అనుమానించి, ఇంకోసారి చెప్పమని అడుగుతాను.